రోగుల ఆధ్యాత్మిక సంరక్షణ: నర్సింగ్ విద్యార్థుల శిక్షణ

జబ్బుపడిన మనిషి తన బాధకు అర్థం వెదుక్కుంటాడు. దేవుణ్ణో, పెద్దల మాటనో, బిడ్డల ముఖాన్నో ఆసరా చేసుకుని నిలబడాలని చూస్తాడు. ఆ వెతుకులాటను గమనించి, రోగి నమ్మకానికీ పరువుకూ ఆసుపత్రిలో చోటు ఇవ్వడాన్ని నర్సింగ్ శాస్త్రంలో ఆధ్యాత్మిక సంరక్షణ అంటారు. నొప్పి తగ్గించడం, పుండు కడగడం, సమయానికి మందు ఇవ్వడం లాగే ఇదీ నర్సు బాధ్యతే. ఈ పనిని విద్యార్థి దశలోనే ఎలా నేర్పిస్తున్నారు, ఎలా నేర్పించాలి అన్నది ఈ వ్యాస విషయం. సాధారణ సూత్రాలతో పాటు శ్రీ సత్యసాయి జిల్లాలోని కొత్తచెరువు పరిసరాలను ఇందులో ప్రత్యేకంగా పరిశీలిస్తాం. పుట్టపర్తికి పొరుగునే ఉన్న ఈ మండలం చుట్టూ వైద్యమూ విశ్వాసమూ ఒకే దారిలో నడిచిన చరిత్ర ఉంది.

పరిధి

ఆధ్యాత్మిక అవసరాలను మతాచారాలకే పరిమితం చేస్తే సగం విషయం జారిపోతుంది. పూజ, నమాజు, ప్రార్థన, ఉపవాసం, తాయెత్తు, ముడుపు కనిపించే భాగం. తప్పు చేశానన్న కుమిలిపాటు, ఎవరినో క్షమించాలన్న కోరిక, కుటుంబానికి బరువైపోయానన్న దిగులు, చావు భయం, ఇంకా బతకడానికి కారణం కావాలన్న తపన కనిపించనివి. ఏ దేవుణ్ణీ నమ్మని మనిషికి కూడా ఈ రెండో రకం అవసరాలు ఉంటాయి. గోరాగా ప్రసిద్ధులైన గోపరాజు రామచంద్రరావు 1940లో నాస్తిక కేంద్రాన్ని స్థాపించారు. అలాంటి ఆలోచనా సంప్రదాయం ఉన్న తెలుగు నేలలో నాస్తికుడైన రోగి మంచం దగ్గర నర్సు ఏం చేయాలన్నదీ పాఠంలో భాగం కావాలి. అతనికి ప్రార్థన అక్కరలేదు. తన విలువల ప్రకారం తన చికిత్సను తానే నిర్ణయించుకునే హక్కు కావాలి, చెప్పేది వినే మనిషి కావాలి.

మత ప్రచారం, వైద్యానికి బదులు మొక్కుబడులు, మానసిక వ్యాధికి మంత్రం వేయించడం ఆధ్యాత్మిక సంరక్షణ కిందికి రావు. మానసిక చికిత్సతో దీనికి దగ్గరి సంబంధం ఉన్నా రెండూ ఒకటి కావు. రోగి మాటల్లో తీవ్రమైన కుంగుబాటు, ఆత్మహత్య ఆలోచన వినిపిస్తే నర్సు వెంటనే వైద్యుడికి తెలియజేయాలి.

ప్రపంచంలో ఈ పాఠం పుట్టిన తీరు

నర్సింగ్ సిద్ధాంతకర్త వర్జీనియా హెండర్సన్ మనిషికి ఉండే పద్నాలుగు మౌలిక అవసరాలను చెప్పినప్పుడు, ఊపిరి, ఆహారం, నిద్రలతో పాటు ఎవరి విశ్వాసం ప్రకారం వారు ఆరాధించుకోవడాన్ని కూడా అందులో చేర్చారు. అమెరికన్ మనోరోగ నర్సు జాయిస్ ట్రావెల్‌బీ 1966లో వెలువరించిన గ్రంథంలో, రోగి తన బాధలో అర్థం కనుక్కునేందుకు సాయపడడం నర్సు పనేనని వాదించారు. ఆమె ఆలోచనపై మనోవైద్యుడు విక్టర్ ఫ్రాంకల్ ప్రభావం ఉంది. 1978లో అమెరికాలో నర్సింగ్ రోగనిర్ధారణల జాబితాలోకి ఆధ్యాత్మిక వేదన అన్న అంశం చేరింది. అప్పటినుంచి అది కేర్ ప్లాన్‌లో రాయదగిన, పర్యవేక్షించదగిన విషయమైంది.

ఇంకో పాయ అంతిమ దశ సంరక్షణ నుంచి వచ్చింది. మొదట నర్సుగా, తర్వాత సామాజిక కార్యకర్తగా, ఆపైన వైద్యురాలిగా పనిచేసిన సిసిలీ సాండర్స్ 1967లో లండన్‌లో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్‌ను తెరిచారు. క్యాన్సర్ రోగి నొప్పిలో శరీరం, మనసు, కుటుంబం, ఆత్మ అన్నీ కలిసి ఉంటాయన్నది ఆమె బోధన. 1984లో ప్రపంచ ఆరోగ్య సభ ఆరోగ్య వ్యూహాల్లో ఆధ్యాత్మిక కోణాన్ని గుర్తిస్తూ తీర్మానించింది. 2002లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పాలియేటివ్ కేర్‌కు ఇచ్చిన నిర్వచనంలో శారీరక, మానసిక సమస్యల సరసన ఆధ్యాత్మిక సమస్యలూ ఉన్నాయి.

నిర్వచనాలు స్థిరపడ్డాక ఎలా నేర్పాలన్న ప్రశ్న వచ్చింది. బ్రిటన్‌లో నర్సింగ్ ఆచార్యుడు అరు నారాయణసామి 1999లో ఆసెట్ అనే బోధనా నమూనాను ప్రతిపాదించారు. విద్యార్థి ముందు తనను తాను ఎరుగుతాడు, తర్వాత ఆధ్యాత్మికత స్వభావాన్ని అర్థం చేసుకుంటాడు, చివరికి దాన్ని కేర్ ప్లాన్‌లోకి తెస్తాడు. 2010లో బ్రిటన్ రాయల్ కాలేజ్ ఆఫ్ నర్సింగ్ జరిపిన సర్వేలో 4 వేల మందికి పైగా పాల్గొన్నారు. ఈ విషయంలో నర్సులకు తగిన శిక్షణ అందడం లేదని వారిలో అత్యధికులు చెప్పారు. 2016 నుంచి 2019 వరకు ఐరోపాలో సాగిన ఎపిక్ ప్రాజెక్టు నర్సింగ్ విద్యార్థికి ఉండాల్సిన సామర్థ్యాలను నాలుగుగా విడదీసింది: తన అంతరంగాన్ని తెలుసుకోవడం, ఎదుటివారి నమ్మకాన్ని గౌరవిస్తూ మాట్లాడడం, అవసరాన్ని అంచనా వేసి ప్రణాళిక రాయడం, దాన్ని ఆచరించి ఫలితాన్ని బేరీజు వేయడం.

తెలుగు నేలలో

ఆధునిక నర్సింగ్ తెలుగు ప్రాంతాలకు ఎక్కువగా క్రైస్తవ మిషన్ ఆసుపత్రుల ద్వారా వచ్చింది. లూథరన్ వైద్యురాలు అన్నా కుగ్లర్ 1883లో గుంటూరు చేరారు. ఆమె కృషితో 1898లో అక్కడ స్త్రీల ఆసుపత్రి తెరుచుకుంది. ఆస్ట్రేలియా నుంచి 1920లో గుంటూరు వచ్చిన మేరీ గ్లౌరీ వైద్యురాలూ, సన్యాసినీ కూడా. స్థానిక స్త్రీలకు మంత్రసాని పనిలో, నర్సింగ్‌లో తర్ఫీదు ఇచ్చారు. 1943లో కాథలిక్ ఆసుపత్రుల సంఘానికి పునాది వేశారు. రాయలసీమలో మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరం క్షయ శానటోరియం 1915 నుంచి పనిచేసింది. నెలల తరబడి ఇల్లు విడిచి పడకమీదే గడిపే క్షయరోగుల దగ్గర మందుకన్నా ఓదార్పుకే ఎక్కువ పని ఉండేది. క్షయను నయం చేసే మందులు అప్పటికి ఇంకా రాలేదు.

సీమవాసులు రాయవేలూరుగా పిలిచే వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలలో 1909లో నర్సింగ్ పాఠశాల మొదలైంది. 1946లో అక్కడా, ఢిల్లీలోనూ నర్సింగ్ డిగ్రీ కోర్సులు ఆరంభమయ్యాయి. అనంతపురం, చిత్తూరు ప్రాంతాల రోగులు తరాలుగా వేలూరుకు వెళ్తూనే ఉన్నారు. అక్కడి పాదిరీల విభాగం ఆసుపత్రి సేవలో ఒక అంగం. తిరుపతిలో తిరుమల తిరుపతి దేవస్థానం అండతో 1993లో ఆరంభమైన శ్రీ వేంకటేశ్వర వైద్య విజ్ఞాన సంస్థకూ నర్సింగ్ కళాశాల ఉంది. మిషన్ ఆసుపత్రి, దేవస్థానం ఆసుపత్రి, ప్రభుత్వ ఆసుపత్రి అన్న తేడా లేకుండా విద్యార్థులు అన్ని మతాల రోగులనూ చూస్తారు. అందుకే ఈ బోధన ఏ ఒక్క మత సంప్రదాయం చేతిలోనూ ఉండకూడదు. నర్సింగ్ శాస్త్రంలో భాగంగా, అందరికీ ఒకే ప్రమాణంతో సాగాలి.

కొత్తచెరువు పరిసరాలు

కొత్తచెరువు మండలం ఒకప్పటి అనంతపురం జిల్లాలోది. 2022 ఏప్రిల్ 4న పుట్టపర్తి కేంద్రంగా ఏర్పడిన శ్రీ సత్యసాయి జిల్లాలో చేరింది. ఇది వాననీడ ప్రాంతం. ఉమ్మడి జిల్లా సగటు వర్షపాతం ఏడాదికి 550 మిల్లీమీటర్ల చుట్టూ ఉంటుంది. వేరుశనగ మీద ఆధారపడిన మెట్ట సేద్యం, ఎండిపోయే బోర్లు, అప్పులు, బెంగళూరుకు వలసలు ఇక్కడి బతుకులో భాగం. ఆసుపత్రి మంచం ఎక్కిన రైతు ఒంట్లోని జబ్బుతో పాటు ఎండిన చేనునూ, తీరని బాకీనీ, పెళ్లికాని కూతురినీ మోసుకొస్తాడు. అతని ఆధ్యాత్మిక వేదనకు ఈ కరవుతో నేరుగా ముడి ఉంది. పురుగుమందు తాగి బతికి బయటపడిన మనిషి వార్డులో తల దించుకుని పడుకున్నప్పుడు అతన్ని దోషిలా చూడని మనిషి ఒక్కరైనా ఉండాలి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కూడా ఆత్మహత్యకు ప్రయత్నించిన వ్యక్తి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టు భావించి, అతనికి సంరక్షణ అందించాలనే చెబుతోంది.

ఇక్కడికి సమీపంలోనే ఉచిత వైద్యానికి పేరొందిన సంస్థలున్నాయి. సత్యసాయి బాబా 1956లో పుట్టపర్తిలో సాధారణ ఆసుపత్రిని ప్రారంభించారు. ప్రశాంతిగ్రాంలోని శ్రీ సత్యసాయి ఉన్నత వైద్య విజ్ఞాన సంస్థను 1991 నవంబర్ 22న ప్రధాని పి.వి. నరసింహారావు ప్రారంభించారు. ఆ భవనానికి రూపకల్పన చేసిన కీత్ క్రిచ్‌లో పవిత్ర వాస్తుకళను అధ్యయనం చేసిన ఆచార్యుడు. ఆసుపత్రి నడిబొడ్డున పెద్ద గుమ్మటం ఉంది. గుండె ఆపరేషన్ లాంటి ఖరీదైన వైద్యాన్ని రోగి దగ్గర రూపాయి తీసుకోకుండా చేయడం ఇక్కడి నియమం. వైద్యం సేవగా అందినప్పుడు రోగి పరువు నిలుస్తుంది. అది కూడా ఆధ్యాత్మిక సంరక్షణే. దూర రాష్ట్రాల నుంచి రైలెక్కి వచ్చే రోగులకు తెలుగు రాదు. భాష తెలియని చోట ఆపరేషన్‌కు సిద్ధమవుతున్న మనిషి భయాన్ని ముఖం చూసి పసిగట్టడం విద్యార్థి నేర్చుకోవలసిన మొదటి విద్య.

బత్తలపల్లిలోని గ్రామీణాభివృద్ధి ట్రస్టు ఆసుపత్రిది మరో తోవ. 1969లో అనంతపురం వచ్చిన విన్సెంట్ ఫెర్రర్ స్థాపించిన ఈ ట్రస్టు పేదల్లోనూ, దళితుల్లోనూ పనిచేస్తూ వచ్చింది. ఎయిడ్స్, క్షయ రోగులకు వైద్యం చేయడంలో ఈ ఆసుపత్రికి అనుభవం ఉంది. అక్కడ నర్సింగ్ శిక్షణ కూడా ఉంది. ఊరూ, ఇల్లూ దూరం పెట్టిన రోగిని వెలి భావన లేకుండా తాకడం, పేరు పెట్టి పిలవడం ఏ ప్రార్థనకూ తీసిపోని సేవ.

ఈ ప్రాంతపు విశ్వాస ప్రపంచం కలగలుపుగా ఉంటుంది. కదిరి లక్ష్మీనరసింహస్వామికి మొక్కిన ఇంటివారే పెనుకొండ బాబయ్య దర్గాకు వెళ్లి తాయెత్తు తెచ్చుకుంటారు. నార్పల మండలం గూగూడులో కుళ్లాయిస్వామి పీర్లను హిందువులూ, ముస్లిములూ కలిసి ఎత్తుతారు. గూటిబైలులోని తిమ్మమ్మ మర్రిమాను దగ్గర సంతానం కోసం మొక్కుకునేవారున్నారు. అందువల్ల కేస్ షీటులో మతం అన్న గడిలో ఏం రాసుందో చూసి రోగి నమ్మకాన్ని నిర్ణయించకూడదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవంలోకి మారినవారికి షెడ్యూల్డు కులాల హోదా ఉండదు. దాంతో కాగితం మీద ఒక మతం, ఆదివారం చర్చిలో మరో ఆరాధన ఉన్న కుటుంబాలు సీమ పల్లెల్లో కనిపిస్తాయి. ఇలాంటి విషయాన్ని రోగి చెబితే దాన్ని గోప్యంగా ఉంచడం నర్సు ధర్మం.

పాఠ్యప్రణాళికలో స్థానం

భారతీయ నర్సింగ్ మండలి 1947 చట్టం కింద ఏర్పడింది. 2021లో మండలి సవరించిన బి.ఎస్సీ. నర్సింగ్ పాఠ్యప్రణాళిక సెమిస్టరు పద్ధతిలో నడుస్తుంది. నర్సింగ్ మూలాలను బోధించే తొలి ఏడాది పాఠంలో సాంస్కృతిక వైవిధ్యం, ఆధ్యాత్మికత అన్న భాగం ఉంది. విశ్వాసం, ఆశ, మతం, ఆధ్యాత్మిక శ్రేయస్సు, దీర్ఘ వ్యాధిలోనూ మరణం ముంగిటా వచ్చే ఆధ్యాత్మిక సమస్యలు, వాటితో వ్యవహరించే తీరు అందులోని అంశాలు. దుఃఖం, మరణాసన్న రోగి సంరక్షణ, మృతదేహ సంరక్షణ కూడా పాఠాలే. పాలియేటివ్ కేర్‌ను ప్రత్యేక మాడ్యూల్‌గా చేర్చారు. ఆంధ్రప్రదేశ్‌లో డాక్టర్ ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం, తెలంగాణలో కాళోజీ నారాయణరావు ఆరోగ్య విశ్వవిద్యాలయం ఈ కోర్సులకు పరీక్షలు నిర్వహిస్తాయి. 2023లో వచ్చిన జాతీయ నర్సింగ్, మిడ్‌వైఫరీ కమిషన్ చట్టం పాత మండలి స్థానంలో కొత్త వ్యవస్థకు దారి వేసింది.

పుస్తకంలో పాఠం ఉండడం ఒక మెట్టు మాత్రమే. తరగతి గదిలో నిర్వచనం కంఠస్థం చేసి, పరీక్షలో ఐదు మార్కుల జవాబు రాసిన విద్యార్థిని మర్నాడు వార్డులో ఏడుస్తున్న అవ్వ ముందు మాట రాక నిలబడిపోతుంది. చేతితో చేసే పనులకు ప్రదర్శన, అభ్యాసం, తనిఖీ ఉన్నట్టే వినడానికీ, మాట్లాడడానికీ కూడా ఉండాలి.

అవసరాన్ని గుర్తించడం

ఆధ్యాత్మిక అవసరాన్ని అడిగి తెలుసుకోవడానికి కొన్ని పద్ధతులు స్థిరపడ్డాయి. అమెరికన్ వైద్యురాలు క్రిస్టీనా పుహాల్స్కీ 1996లో రూపొందించిన ఫైకా పద్ధతిలో నాలుగు మెట్లున్నాయి: రోగికి ఏ నమ్మకం ఉంది, అది అతని బతుకులో ఎంత ముఖ్యం, దానికి తోడుగా ఏ సమాజం ఉంది, ఆసుపత్రి దాన్ని ఎలా పరిగణించాలి. 2001లో వచ్చిన హోప్ పద్ధతి రోగికి ఆశ ఎక్కడ దొరుకుతుంది అన్న ప్రశ్నతో మొదలవుతుంది.

వీటిని ఇంగ్లిషు నుంచి మాటకు మాట తర్జుమా చేసి అడిగితే సీమ పల్లె రోగి బిత్తరపోతాడు. అతని మాటలోనే అడగాలి. "కష్టమొచ్చినప్పుడు ఎవర్ని తలుచుకుంటారు పెద్దాయనా?", "ఇంట్లో ఎవరితో మాట్లాడితే మీకు ధైర్యం వస్తుంది?", "ఆపరేషన్ ముందర చేయాల్సిన పని ఏదైనా మిగిలిందా అవ్వా?" లాంటి ప్రశ్నలు తలుపు తీస్తాయి. కొన్నిసార్లు ప్రశ్నే అక్కరలేదు. "ఏ జన్మలో ఏం పాపం జేసినానో", "ఆ సామికి నా మింద దయ లేదు", "ఇంగ నాకెందుకుమ్మా ఈ మందులు" అని రోగి పైకి అనేస్తాడు. ఆ మాటకు వెంటనే "అలా అనకూడదు, దేవుడు చూసుకుంటాడు" అని మూత పెట్టడం అలవాటైన పొరపాటు. అలా ఎందుకు అనిపిస్తోందో నెమ్మదిగా అడిగి, చెప్పేవరకు ఆగడం శిక్షణ వల్లే వస్తుంది.

మాటల్లో రాని సంకేతాలూ ఉంటాయి. తిండి మానేయడం, గోడవైపు తిరిగి పడుకోవడం, దేవుడి పటాన్ని తలగడ కిందినుంచి తీసేయడం, ఇంటివాళ్లు వచ్చినా పలకకపోవడం వంటివి కేస్ షీటులో రాయదగిన పరిశీలనలు.

కేర్ ప్లాన్: ఒక నమూనా

విద్యార్థులకు ఇచ్చే ఒక ఊహాత్మక ఉదాహరణను చూద్దాం. కిడ్నీలు చెడి, వారానికి రెండుసార్లు డయాలసిస్‌కు వచ్చే యాభై అయిదేళ్ల రైతు. కొన్నాళ్లుగా అన్నం సరిగా తినడం లేదు. "సేద్యం పోయె, సంపాదన పోయె, ఆడబిడ్డ మీద బతికేది ఒక బతుకా" అన్నాడు.

పరిశీలన: కుటుంబాన్ని పోషించే స్థానం పోయిందన్న బాధ, బరువైపోయానన్న దిగులు, పూర్వం వెళ్లే భజనకు ఇప్పుడు వెళ్లకపోవడం. నిర్ధారణ: జీవిత పాత్ర కోల్పోవడం వల్ల కలిగిన ఆధ్యాత్మిక వేదన. లక్ష్యం: రోగి తన బాధను ఒకరితో పంచుకోవడం, తనకు అర్థవంతమైన ఒక పనిని మళ్లీ మొదలుపెట్టడం. చర్యలు: డయాలసిస్ యంత్రం నడిచే గంటల్లో పక్కన కూర్చుని అతని సేద్యం కథ వినడం, కూతురితో విడిగా మాట్లాడడం, భజన బృందంలోని స్నేహితుణ్ణి రమ్మనవచ్చా అని రోగినే అడగడం, ఆత్మహత్య ఆలోచన ఉందేమో నేరుగా ఆరా తీసి వైద్యుడికి చెప్పడం, 2022లో ఆరంభమైన టెలి మానస్ మానసిక ఆరోగ్య సహాయ నంబరు 14416 గురించి కుటుంబానికి తెలపడం. మూల్యాంకనం: రెండు వారాల తర్వాత తిండి, నిద్ర, మాట తీరు ఎలా మారాయో చూడడం.

ఈ నమూనాలో ఎక్కడా నర్సు ఉపదేశం చేయలేదు. రోగికి అప్పటికే ఉన్న ఆసరాలను తిరిగి అతని దగ్గరికి చేర్చింది. విద్యార్థికి అన్నిటికన్నా ముందు ఒంటబట్టాల్సిన సూత్రం ఇదే.

వార్డులో ఎదురయ్యే సందర్భాలు

ఆపరేషన్ థియేటర్‌కు తీసుకెళ్లే ముందు ఒంటిమీది లోహాలన్నీ తీయించాలి. పెళ్లయిన స్త్రీకి మంగళసూత్రం తీయమన్న మాట భర్తకు కీడు తలపెట్టినట్టు వినిపించవచ్చు. కారణం వివరించి, సూత్రాన్ని ఆమె కోరినవారి చేతికే ఇచ్చి, పసుపుతాడు మాత్రం ఉంచవచ్చేమో మత్తు వైద్యుణ్ణి అడిగితే ఆ తల్లి నిమ్మళంగా థియేటర్‌కు వెళ్తుంది. ముంజేతి తాయెత్తు, మొలతాడు, విభూతి, శిలువ గొలుసు విషయంలోనూ ఇదే పద్ధతి. తీయక తప్పకపోతే చెప్పి తీయాలి, భద్రంగా తిరిగి ఇవ్వాలి.

రంజాన్ మాసంలో ఉపవాసం ఉండే మధుమేహ రోగికి ఇన్సులిన్ వేళలు మార్చడం వైద్యుడి పని. రోగి ఉపవాసం ఉన్నాడన్న సంగతి ముందుగా తెలుసుకుని వైద్యుడికి చెప్పడం నర్సు పని. ఏకాదశి, శనివారం ఒక్కపొద్దులకూ ఇది వర్తిస్తుంది. యెహోవాసాక్షులు రక్తం ఎక్కించుకోవడానికి ఒప్పుకోరు. అలాంటి నిరాకరణను అవహేళన చేయకుండా వెంటనే వైద్యుడికి తెలియజేసి రాతపూర్వకంగా నమోదు చేయాలి. మంగళవారం డిశ్చార్జి వద్దనో, రాహుకాలంలో సంతకం వద్దనో కుటుంబం అడిగితే, వైద్యానికి ఇబ్బంది లేనంతవరకు సర్దుకోవచ్చు. ప్రాణం మీదికి వచ్చే ఆలస్యమైతే మర్యాదగానే, తేల్చి చెప్పాలి.

మరణం దగ్గరపడిన వేళ ప్రతి కుటుంబానికీ ఒక ఆచారం ఉంటుంది. హిందువుల్లో చాలామంది తులసి తీర్థం నోట్లో పోస్తారు, నారాయణ నామం వినిపిస్తారు. మింగలేని స్థితిలో ఉన్న రోగికి నీళ్లు పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది కనుక పెదవులు తడపమని నర్సు సూచించవచ్చు. ముస్లిం కుటుంబాలు రోగి ముఖాన్ని ఖిబ్లా (మక్కా దిశ) వైపు తిప్పమంటాయి, చెవిలో కలిమా చదువుతాయి. మృతదేహాన్ని అదే లింగానికి చెందినవారు తాకాలని కోరతాయి. క్రైస్తవులు పాస్టరునో, ఫాదరునో పిలిపించి ప్రార్థన, తైలాభిషేకం చేయిస్తారు. ఊరి బయట ప్రాణం పోతే శవాన్ని ఇంట్లోకి తేకూడదన్న నమ్మకం కొన్ని చోట్ల ఉండడం వల్ల ఆఖరి గంటల్లో రోగిని ఇంటికి తీసుకెళ్తామని పట్టుపట్టేవారుంటారు. బతికే అవకాశం ఉన్న రోగి విషయంలో వైద్యుడితో మాట్లాడించడం, అవకాశం లేనప్పుడు నొప్పి మందుల వాడకం చెప్పి సాగనంపడం వేర్వేరు నిర్ణయాలు. ఆ తేడాను విద్యార్థి సీనియర్ల వెంట ఉండి నేర్చుకోవాలి.

ఈ వివరాలన్నీ సాధారణ అలవాట్లు మాత్రమే. ఒకే మతంలోని రెండు కుటుంబాలు రెండు రకాలుగా కోరవచ్చు. జాబితాను కంఠస్థం చేసి దాని ప్రకారం నడవడం కన్నా, ప్రతి రోగినీ అడిగి నడుచుకోవడం మేలు.

బోధన పద్ధతులు

మొదటిది ఆత్మపరిశీలన. విద్యార్థి తన నమ్మకాలేమిటో, చావంటే తనకున్న భయమేమిటో, ఏ కులం, ఏ మతం రోగి దగ్గర తన చేయి వెనకాడుతుందో నిజాయితీగా దినచర్య పుస్తకంలో రాసుకోవాలి. ఈ పుస్తకానికి మార్కులు వేయకూడదు. మార్కుల కోసం రాసింది నిజం కాకుండా పోతుంది.

రెండోది వినే అభ్యాసం. ఇద్దరిద్దరుగా కూర్చుని ఒకరు తమ జీవితంలోని నష్టాన్ని చెబుతుంటే మరొకరు సలహా ఇవ్వకుండా, అడ్డు తగలకుండా వినాలి. మూడోది పాత్రాభినయం. ఒక విద్యార్థిని గర్భసంచి తీయించుకోవడానికి వచ్చిన పల్లె స్త్రీగా, మరొకరు నర్సుగా నటిస్తారు. సంభాషణ పాఠ్యపుస్తకం తెలుగులో కాకుండా సీమ యాసలో సాగితే నిజమైన వార్డు కళ్లముందు నిలుస్తుంది.

నాలుగోది పడక దగ్గరి బోధన. ట్యూటర్ తానే రోగితో మాట్లాడి చూపాలి, తర్వాత విద్యార్థి మాట్లాడుతుంటే గమనించాలి. క్లినికల్ పోస్టింగ్ ముగిశాక జరిగే చర్చలో ఏం మాట తలుపు తీసింది, ఏ మాట మూసింది అని తరచి చూడాలి. ఐదోది అతిథి ప్రసంగాలు. పూజారి, దర్గా ముజావరు, పాస్టరు, నాస్తిక ఉద్యమకారుడు ఒకే తరగతికి వచ్చి, తమవాళ్లు జబ్బుపడినప్పుడు ఏం కోరుకుంటారో చెబితే విద్యార్థుల అపోహలు చాలా తొలగుతాయి.

ఆరోది విద్యార్థి దుఃఖాన్ని పట్టించుకోవడం. పద్దెనిమిది, పంతొమ్మిదేళ్ల అమ్మాయి తన చేతుల్లో మొదటి రోగి చనిపోవడం చూసి హాస్టల్‌కు వెళ్లి ఒంటరిగా ఏడ్చుకునే పరిస్థితి రాకూడదు. ఆ రోజే ట్యూటర్ కూర్చోబెట్టి మాట్లాడించాలి. తన బాధకు చోటు దొరికిన నర్సే రోగి బాధకు చోటివ్వగలదు.

మూల్యాంకనం

నెదర్లాండ్స్ పరిశోధకుడు రెనే వాన్ లూవెన్, సహచరులు 2009లో రూపొందించిన 27 ప్రశ్నల కొలమానం ఆధ్యాత్మిక సంరక్షణ సామర్థ్యాన్ని ఆరు అంశాల్లో కొలుస్తుంది. అంతకుముందు 2002లో విల్‌ఫ్రెడ్ మెక్‌షెర్రీ బృందం నర్సుల అవగాహనను కొలిచే స్కేలు తెచ్చింది. ఇవి విద్యార్థి తనను తాను అంచనా వేసుకునే సాధనాలు. వేరే సమాజాల్లో తయారైన ప్రశ్నలు కనుక తెలుగులోకి తెచ్చేటప్పుడు ఇక్కడి రోగుల దగ్గర పరీక్షించి వాడాలి. వీటితో పాటు ప్రాక్టికల్ పరీక్షలో ఒక నమూనా రోగితో ఐదు నిమిషాల సంభాషణ పెట్టి, విద్యార్థి ఎంత విన్నాడు, ఎంత గౌరవంగా అడిగాడు, ఏం నమోదు చేశాడు అన్నవి చూడవచ్చు. విద్యార్థి ఎంత భక్తిపరుడన్నది ఎప్పుడూ కొలతకు రాకూడదు.

హద్దులు

నర్సు ముందు రోగి నిస్సహాయుడు. సూది, మందు, నీళ్ల గ్లాసు ఆమె చేతిలో ఉంటాయి. ఆ స్థితిలో ఆమె చెప్పే మతం మాటకు కాదనే ధైర్యం రోగికి ఉండదు. కాబట్టి తనంతట తాను ప్రార్థన ప్రస్తావించడం, ప్రసాదం పెట్టడం, మతగ్రంథం పంచడం తప్పు. 2008 చివర్లో ఇంగ్లండులో ఒక నర్సు తన రోగి కోసం ప్రార్థించనా అని అడిగినందుకు సస్పెండై, తర్వాత తిరిగి ఉద్యోగంలో చేరింది. అడగడమే తప్పా అన్న చర్చ అప్పుడు దేశమంతటా నడిచింది. విద్యార్థులు తరగతిలో చర్చించదగిన ఉదంతమిది. రోగే తోడుగా ప్రార్థించమని అడిగితే విద్యార్థి తనకు ఇబ్బంది లేకపోతే మౌనంగా నిలబడవచ్చు. ఇబ్బందైతే రోగి మతానికి చెందిన మరొకరిని పిలిపించవచ్చు.

రోగి నమ్మకం వైద్యానికి అడ్డు తగిలితే నమ్మకాన్ని ఖండించకుండా ప్రమాదాన్ని వివరించాలి. నాటుమందు కోసం పాముకాటు రోగిని తీసుకెళ్తామన్న కుటుంబానికి, విషానికి విరుగుడు సూది ఆలస్యమైతే ఏమవుతుందో వెంటనే, సూటిగా చెప్పాలి. మొక్కు తర్వాత తీర్చుకోవచ్చని, ముందు సూది వేయించమని చెప్పడం రెండింటినీ గౌరవించే మాట.

సవాళ్లు, కర్తవ్యాలు

ప్రభుత్వ వార్డులో రాత్రి డ్యూటీలో ఒక్క సిస్టరే వార్డంతా చూసుకునే పరిస్థితులు ఉన్నాయి. కూర్చుని వినడానికి సమయం లేదన్న మాట నిజం. అయితే ఆధ్యాత్మిక సంరక్షణలో ఎక్కువ భాగం వేరే సమయం అడగదు. బీపీ చూస్తున్నప్పుడు, డ్రెస్సింగ్ చేస్తున్నప్పుడు రోగి పేరుతో పిలిచి, కళ్లలోకి చూసి మాట్లాడడంలోనే అది జరుగుతుంది. మిగిలిన భాగానికి సిబ్బంది సంఖ్య పెంచడం తప్ప దారి లేదు. ఆ బాధ్యత విద్యార్థులది కాదు, వ్యవస్థది.

మరో సవాలు అధ్యాపకులే ఈ విషయంలో శిక్షణ పొందకపోవడం. తాము నేర్చుకోనిది నేర్పలేరు. హైదరాబాదు ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రిలోనూ, స్పర్శ్ హాస్పిస్‌లోనూ, కేరళలోని పాలియేటివ్ కేంద్రాల్లోనూ మరణాసన్న రోగులతో పనిచేసిన నర్సుల అనుభవం ట్యూటర్ల శిక్షణకు మంచి వనరు. ఊళ్లలో ఆరోగ్య ఉపకేంద్రాల్లో పనిచేసే కమ్యూనిటీ హెల్త్ ఆఫీసర్లలో అధికులు నర్సింగ్ పట్టభద్రులే. కొత్తచెరువు లాంటి మండలంలో మంచాన పడిన వృద్ధుడి గడప దాకా వెళ్లేది వారూ, ఆశా కార్యకర్తలూ. ఆసుపత్రి వార్డుకే పరిమితమైన శిక్షణ వీరికి చాలదు. ఇంటి దగ్గర, కుటుంబం అందరి మధ్యా రోగితో ఎలా మాట్లాడాలో కూడా నేర్పాలి.

ఈ దిశలో నర్సింగ్ కళాశాలలు వెంటనే చేయగల పనులు మూడున్నాయి. సీమ మాటల్లో రాసిన, రోగుల దగ్గర సరిచూసిన ప్రశ్నావళిని తయారుచేసి ప్రతి విద్యార్థి చేతికి ఇవ్వాలి. విద్యార్థి రాసే ప్రతి కేర్ ప్లాన్‌లో ఆధ్యాత్మిక అవసరాల వరుసను ఖాళీగా వదలనివ్వకూడదు. రోగి చనిపోయిన ప్రతిసారీ ఆ రోజు డ్యూటీలో ఉన్న విద్యార్థులతో ట్యూటర్ మాట్లాడే ఏర్పాటు ఉండాలి. వీటికి కొత్త భవనాలు, కొత్త యంత్రాలు అక్కరలేదు. పాఠ్యప్రణాళికలో ఇప్పటికే ఉన్న పాఠాన్ని పడక దగ్గరికి తెచ్చే ట్యూటర్ కావాలి, ఆ ట్యూటర్‌కు సమయమిచ్చే కళాశాల కావాలి.